వ్యాను, దుమ్ము, ఒక వెంకటగిరి చీర

ఆత్మకూరులో ఇల్లుంటే దుమ్ముతో చుట్టరికం కలిసినట్టే. తూర్పున నల్లమల, పడమర రేగడి చేలు, నడుమ మేము. అడవి దారిన వచ్చినవాడి చెప్పుల మీద ఎర్రమన్ను, చేల దారిన వచ్చినవాడి చెప్పుల మీద బూడిద రంగు దుబ్బ. నేను ఎటు తిరిగొచ్చిందీ అడగకుండానే మా ఆవిడ గడప దగ్గరే చెప్పేస్తుంది. ఇక ఆషాఢం గాలి లేచిందంటే చెప్పేదేముంది! నైరుతి రుతుపవనం మోసుకొచ్చిన వానంతా పడమటి కనుమల అవతలే దించేసి, ఉత్త గాలి పట్టుకుని మా సీమకొస్తుంది. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ దుమ్ముతో నాకే పేచీ లేదు. ఆమె కసువూడుస్తూ నా కుర్చీ దాకా వస్తే రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకునేవాణ్ణి. ఇంటి శుభ్రతకు నా వంతు సేవ అంతే. ఊడ్చి వెళ్లిపోయాక కూడా, తడిబట్ట పెడుతుందేమోనని ఇంకాసేపు ఎత్తే ఉంచేవాణ్ణి. ఆ ముందుచూపును ఆమె ఎన్నడూ మెచ్చుకోలేదు.

రిటైరయ్యాక వ్యాను కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పక్కర్లేదు కూడా. ఒకప్పుడు తెలుగు సినిమాల్లో హీరోయిన్‌ను ఎత్తుకుపోవాలంటే రౌడీలు వేసుకొచ్చే జారుడు తలుపుల డబ్బా వ్యాను అది. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి డ్రైవరుకు చలికాలంలో సుఖం, మిగతా పది నెలలు శిక్ష. నాకంటే ముందు అది బడిపిల్లల్ని తిప్పిన బండి. సీట్లు పీకితే పెన్సిలు ముక్కలు, చాక్లెట్టు కాగితాలు, ఎవరిదో ఎర్ర రిబ్బను, ఎనిమిదో ఎక్కం సగం రాసిన కాగితం బయటపడ్డాయి. పిల్లలు ఊపిరాడక ఇబ్బంది పడకుండా పైకప్పుకు పాత యజమాని ఒక గాలి మూత పెట్టించాడు. ఈ మూత సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నా ఆలోచన పెద్దది. సినిమావాళ్లకు క్యారవాన్లున్నాయి, కేరళలో 2021 నుంచి టూరిస్టులకు కూడా పెట్టారు, మనకేం తక్కువ? వెనక సీటు తీసేసి నడుం వాల్చేందుకు ఒక బల్ల, బల్ల కింద బియ్యం, పప్పు, స్టవ్వు, నీళ్ల క్యాను. కిటికీలకు పూలపూల కర్టెన్లు. సంగమేశ్వరం, కొలనుభారతి, మహానంది, అహోబిలం అన్నీ తీరుబడిగా చుట్టి రావచ్చు. లాడ్జీలు వెతుక్కోనక్కర్లేదు, హోటల్ తిండి తిననక్కర్లేదు.

"దీంట్లో మేము పండుకోవల్లనా?" అంది మా ఆవిడ, కర్టెను ఎత్తి చూసి.

"చల్లటి గాలి, పక్కన కృష్ణానది..."

"దోమలు," అంది.

మొదట సంగమేశ్వరం పోయాం. తెలియనివాళ్ల కోసం చెప్తాను. అది ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండే గుడి. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. అది 840 దాపులకు దిగినప్పుడు గుడి బయటపడుతుంది. లోపలి లింగం రాతిది కాదు, వేపదారువు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు. కృష్ణ, తుంగ, భద్ర, భవనాశి అంటూ ఏడు నదులు కలిసే చోటని పేరు. ఇన్ని నదులున్నచోట దుమ్మేంటని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది కిటుకు. గుడి బయటపడాలంటే నీళ్లు దిగిపోవాలి. నీళ్లు దిగిపోయాక మిగిలేది ఒండ్రు. ఒండ్రు ఎండి, దాని మీద ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు తిరిగి తిరిగి చీలమండ లోతు దుబ్బ అవుతుంది. అంటే దేవుడు దర్శనమిచ్చే కాలం, దుమ్ము దర్శనమిచ్చే కాలం, నంద్యాల జిల్లా ఎండలు పేపర్లకెక్కే కాలం, మూడూ ఒకటే.

గుడి చేరి వెనక తలుపెత్తితే లోపల అంతా ఒకే రంగు. బల్ల, దిండ్లు, కర్టెన్ల మీది పూలు, మా అత్తమ్మ. ఆమె వెనక కూర్చుంది పాపం. కనురెప్పల మీద కూడా పేరుకుంది. ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "అల్లుడా, వచ్చేటప్పుడు నేను ట్రాక్టర్లో వస్తాలే," అంది అంతే. ఉగ్గాని గిన్నె మూత తీస్తే పైన సన్నటి పొర. బొరుగుల మీద పుట్నాలపొడి చల్లడం మా వైపు మామూలే కాబట్టి నేను రెండు ముద్దలు తిన్నాక గానీ తేడా తెలీలేదు. పళ్ల కింద కిరకిర వచ్చింది.

నేను కె.సి. కెనాల్ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా మూడొందల కిలోమీటర్ల పైచిలుకు పోయే కాలువ. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ పని మొదలుపెట్టి, పొలాలకు నీళ్లివ్వడమే కాక పడవలు కూడా నడిపి డబ్బు చేసుకుందామనుకుంది. చేతులు కాలి, చివరికి 1882లో సర్కారుకు అమ్ముకుంది. నా వ్యానును కొనే సర్కారు లేదు, అదొక్కటే తేడా. సంగతేంటంటే, నా సర్వీసంతా గండ్లు పూడ్చడంలోనే గడిచింది. ఎక్కడ చెమ్మ కనిపించినా అక్కడికి ఇసుక బస్తాలు పోవాలి. కాబట్టి దుమ్ము వ్యాను లోపలికొచ్చిందంటే నా బుర్రకు తోచింది ఒకటే: సందు వెతుకు, పూడ్చెయ్.

సందులు వెతకడానికి పద్ధతులున్నాయి, పనికొచ్చేవి కాబట్టి చెప్తాను. పేపరు ముక్క తలుపు సందున పెట్టి, తలుపు మూసి, ముక్కను లాగాలి. గట్టిగా పట్టుకుంటే బీడింగు బాగున్నట్టు, జారి చేతిలోకి వచ్చేస్తే అక్కడ రబ్బరు పనైపోయినట్టు. రెండోది సుద్దముక్క. రబ్బరు బీడింగు పొడవునా సుద్ద పూసి తలుపు మూసి తీస్తే, తగిలినచోట బాడీ మీద తెల్లటి గీత పడుతుంది. గీత తెగిందంటే అక్కడ తలుపు ఆనడం లేదన్నమాట. ఇంట్లో సుద్ద లేక ముగ్గుపిండి వాడాను. పండగ ముందు రోజు వాడటమే బాగుండలేదు.

మూడోది టార్చిలైటు పద్ధతి. అమావాస్య దగ్గర్లో చూసుకుని, తలుపులన్నీ బిగించుకుని నేను లోపల చీకట్లో కూర్చున్నాను. బయట మా ఆవిడ టార్చి పట్టుకుని వ్యాను చుట్టూ అంచుల వెంబడి వెలుగు వేస్తూ తిరగాలి. లోపలికి ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ సందు. నేను లోపల్నుంచి "ఇంకొంచెం కిందికి, ఆఁ, అక్కడే ఉండు" అని అరుస్తున్నాను. ఎదురింటి పెద్దాయన తలుపు తీసి, "ఏం పోయిందమ్మా, ఈ పొద్దు కాడ ఎతుకుతాండావు?" అన్నాడు.

"ఏం పోలేదన్నా. పోయినోళ్లు లోపలే ఉండారు," అంది.

టార్చి నా ముఖం మీద వేసి చూపించింది కూడా.

పన్నెండేళ్లపాటు పిల్లలు ఎక్కీ దిగీ అరగదీసిన బండి అది. సందులు లేనిచోటు వెతికి ఉంటే తొందరగా తేలిపోయేది. జారుడు తలుపుల కింద పట్టాలు, గేరురాడ్డు చుట్టూ రబ్బరు టోపీ, పెడల్స్ దగ్గర కేబుళ్లు దూరిన రంధ్రాలు, నేల రేకు తుప్పు పట్టి చిల్లులైన చోట్లు, వెనక లైట్ల వెనక భాగం. కర్నూలు పోయి మీటర్ల కొద్దీ బీడింగు తెచ్చాను. చిన్న చిల్లులకు ఎంసీల్, పెద్దవాటికి రేకు ముక్క, సందులకు సిలికాన్ గొట్టం, మిగిలినచోట్ల పాత స్కూటరు ట్యూబు కోసి అంటించాను. వ్యాను కింద పడుకుని పనిచేస్తుంటే ఆమె పొరక పట్టుకుని వచ్చి చూసింది.

"ఇంట్లో ఇన్నేండ్లు పొరక ముట్టని మనిషి, బండి కింద పండుకోని దుమ్ము దులుపుతాండారా?"

"ఇది దులపడం కాదు, రాకుండా ఆపడం."

"అట్లయితే మన ఇంటి తలుపు కూడా ఆ గొట్టంతో మూసేయండి," అని వెళ్లిపోయింది. ఆ మాటలోని వ్యంగ్యం నాకప్పుడు పట్టలేదు. గొట్టంలో ఇంకా సగం మిగిలి ఉంది కూడా.

వెనక డిక్కీ నేలలో రెండు గుండ్రటి రంధ్రాలు కనిపించాయి, ఒక్కోదానికి రబ్బరు గొట్టం తగిలించి ఉంది. అవి గ్యాస్ కిట్టు ట్యాంకువి. వాటిని ఎంసీల్‌తో నున్నగా మూసేసి, ఆ పనితనం చూపించడానికి మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. భాయ్ చూసి, చేతిలో స్పానరు కింద పెట్టాడు.

"సార్, మీకు పిల్లలుండారా?"

"ఇద్దరు."

"పెండ్లిళ్లు అయినాయా?"

"అయినాయి."

"అయితే మీ ఇష్టం. నన్ను మాత్రం ఈ బండి ఎక్కమనద్దండి."

ఆ తర్వాత ఉలితో ఎంసీల్ పగలగొడుతూ పాఠం చెప్పాడు. వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకయితే పైకి పోదు, నేలబారున కూర్చుంటుంది. అది కిందికి దిగి బయటికి పోవడానికే ఆ గొట్టాలు. అవి మూస్తే లీకయిన గ్యాసంతా బండిలోనే నిండి, ఎవడో బీడీ వెలిగించేదాకా ఓపిగ్గా కాచుకుంటుంది. ఇంట్లో సిలిండరు పెట్టిన గదికి గాలి వచ్చే దారి కింద ఉండాలనేది కూడా ఇందుకే. క్యారవాన్లలో గ్యాస్ పొయ్యి, గ్యాస్ ఫ్రిజ్ పెట్టుకునేవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా, దుమ్ము వస్తుందని ఆ రంధ్రాలు మూయకూడదు. ఇదొక్కటి మాత్రం నవ్వులాటకు చెప్పడం లేదు.

సరే, అవి తప్ప అన్నీ పూడ్చి మళ్లీ మట్టిదారి పట్టాం. ఈసారి పోయినసారి కంటే ఎక్కువ దుమ్మొచ్చింది.

అవును, ఎక్కువే. అదీ వెనక నుంచి. ముందు సీట్లో కూర్చున్న నాకు నా ముందంతా శుభ్రంగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే పొగమంచు.

దీని మర్మం చెప్పింది ఒక బేతంచెర్ల బండల లారీ డ్రైవరు. ఊరి బయట టీ అంగడి దగ్గర నేను నా బీడింగుల గాథ చెప్పుకుంటుంటే పక్కన బెంచీ మీద విని, గ్లాసు పెట్టి లేచొచ్చి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక తలుపు మీద అరచేతితో తట్టాడు.

"సారూ, దుమ్ము మీ బండిలోకి వస్తా లేదు. మీ బండే దాన్ని పీల్చుకుంటాంది."

డబ్బా ఆకారం బండి గాలిని చీల్చుకుని పోతున్నప్పుడు వెనక వైపు గాలి వెంటనే పూడదు. అక్కడ ఒత్తిడి తగ్గి సుడి తిరుగుతుంది. సొంత చక్రాలు లేపిన దుమ్మంతా ఆ సుడిలోకే చేరి బండిని తరుముకుంటూ వస్తుంది. పక్క కిటికీ కొంచెం తీస్తే, పక్కనుంచి దూసుకుపోయే గాలి లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. లోపల ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. అప్పుడు వెనక తలుపు అడుగున వెంట్రుక మందం సందున్నా చాలు, దుమ్ము అందులోంచి లోపలికొస్తుంది. రేగడి మన్నులోని బంకమన్ను రేణువు మిల్లీమీటరులో ఐదొందలో వంతు కంటే సన్నం. దానికి నేను కర్నూలు నుంచి తెచ్చిన బీడింగు ఒక రాజద్వారం. ముందువైపు సందులన్నీ నేను కష్టపడి పూడ్చాను కాబట్టి, ఇప్పుడు బండి ఊపిరి తీసుకోవడానికి వెనక ఒక్కటే దారి మిగిలింది. ఆ దారిలో ఉన్నది దుమ్ము. వెనక తలుపు తెరిచి పెట్టుకుని పోయేవాళ్ల బండిలోకి సైలెన్సరు పొగ వచ్చేదీ ఈ పీల్పు వల్లనే. దానివల్ల ప్రాణాలే పోతాయి.

"పాత అంబాసిడర్లో ముందు ముక్కోణం అద్దం ఉండేది, చూసినారా?" అన్నాడు. "దాన్ని గాలికి ఎదురు తిప్పితే లోపలికి గాలి కొట్టేది. లోపల గాలి నిండుగా ఉంటే బయటి దుమ్ము యాడికొస్తాది?"

నాకక్కడే కూలబడాలనిపించింది. ఇది నా సొంత ఉద్యోగం కదా! కాలువలో మట్టం ఎక్కువుంటే నీళ్లు గట్టులోంచి చేలోకి ఊరుతాయి. కాలువ ఎండి, చేలో నీళ్లు నిలిస్తే చేలోంచి కాలువలోకి ఊరుతాయి. గట్టులో చిల్లి ఉందా లేదా అన్నది తర్వాత, ఎటువైపు మట్టం ఎక్కువన్నది ముందు. ఇది లష్కరుకు తెలుసు, చేపలు పట్టే పిల్లలకు తెలుసు. పెన్షను తీసుకుంటున్న వర్క్ ఇన్‌స్పెక్టరుకు బండల లారీ డ్రైవరు టీ అంగడి దగ్గర చెప్పాల్సి వచ్చింది. టీ డబ్బులు నేనే ఇచ్చాను, ట్యూషను ఫీజు కింద.

ఇంటికొచ్చి మెల్‌బోర్న్‌లో ఉన్న మేనల్లుడికి ఫోను చేశాను. "అవును మామా, ఇక్కడ లోపలి ఎర్రమట్టి దారుల మీద అట్లే చేస్తారు," అన్నాడు. అక్కడి సన్నదుమ్ముకు బుల్‌డస్ట్ అని పేరట. పాత క్యారవాన్లలో పైకప్పు మూతను ముందుకు తెరిచి గాలి లోపలికి కొట్టిస్తారు, మిగతావన్నీ బిగిస్తారు. పైకప్పు ఎత్తున గాలి కింది గాలి కంటే తేటగా ఉంటుంది. దానికీ ఒక జల్లెడ పెడతారు. బయటి గాలి లాగే ఫ్యానున్న బండయితే దాన్ని నడిపించినా కొంత పని జరుగుతుంది. లోపలి గాలినే తిప్పే మీట మీద పెడితే మాత్రం ఒత్తిడి పెరగదు, చల్లదనమొక్కటే మిగులుతుంది.

ఇన్నాళ్లూ ఈ దారిలో జనం ఎట్లా పోయారా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది చూసుకుని మా ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం పోయాడు. పల్లకీ, డేరాలు, నూరుమంది దాకా పరివారం. పదిహేను నెలలు దాటి సాగిన ఆ యాత్రలో ఆయన దారులు, మజిలీలు, నీళ్లు, అంగళ్లు, కందనూరు (ఇప్పటి కర్నూలు) నవాబు యాత్రికుల దగ్గర గుంజే పన్నులు అన్నీ రాసుకున్నాడు. అది కదా క్యారవాన్ అంటే! పల్లకీకి ఒక గొప్ప సౌకర్యముంది, చక్రాల్లేవు. మనుషుల నడక వేగంలో వెనక సుడీ లేదు, పీల్పూ లేదు. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు వేలల్లో వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వుల మీదుగా అడవిలో నడిచే శ్రీశైలం పోతారు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలోనే నడిచేవాళ్ల సంగతి ఆలోచించాడు. వ్యాన్లవాళ్లను తర్వాతివాళ్లకు వదిలేశాడు. బైర్లూటి దగ్గర సఫారీకి తిప్పే జీపులకు పైనా పక్కనా ఏమీ ఉండదు. దాంట్లో ముందు బండి దుమ్ము తినాల్సిందే గానీ సొంత దుమ్ము తినే బాధ తక్కువ. మూసిన డబ్బాలో కూర్చుని తన దుమ్ము తానే పీల్చుకునే తెలివి నాలాంటివాళ్లది.

ఇక గాలి మూత. బడిపిల్లల కోసం పెట్టించిన ఆ మూత వెనక్కి తెరుచుకునేది. అంటే అదీ నా శత్రువుకే పనిచేస్తోంది. భాయ్‌తో దాన్ని విప్పించి ముందుకు తిప్పి బిగించాను. లోపలి వైపు నూనె డబ్బా రేకుతో ఒక చట్రం చేయించాను. చట్రంలో పెట్టడానికి జల్లెడ కావాలి. స్పాంజి పెట్టి చూస్తే గాలి సరిగా రాలేదు. దోమతెర పెడితే గాలితోపాటు అన్నీ వచ్చాయి. అప్పుడే ఒక సంగతి గుర్తొచ్చింది. బంగ్లాదేశ్‌లో మత్‌లబ్ అనే ప్రాంతంలో పల్లె ఆడవాళ్లు పాత చీరను మడతలు పెట్టి నీళ్లు వడగడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని రీటా కాల్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు 2003లో ప్రకటించారు. అందులో తమాషా ఏంటంటే కొత్త చీర కంటే పాతదే మేలు. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని కళ్లు సన్నబడతాయి. నాలుగు మడతలు వేస్తే చాలు.

నీళ్లకు పనికొచ్చింది గాలికి రాదా? ఇంత శాస్త్రం చదివినవాడు అడుగు ముందే ఆగిపోతాడా? మా ఆవిడ మధ్యాహ్నం నిద్రలో ఉండగా ట్రంకుపెట్టె అడుగున చూశాను. మెత్తగా, పలచగా, బాగా ఉతికి ఉన్న ఒక నూలు చీర కనిపించింది. కాలమంతా ట్రంకులోనే ఉంది, అంటే కట్టడం లేదు, అంటే అక్కర్లేదు. నా తర్కంలో నాకేమీ లోటు కనపడలేదు. అంచు కత్తిరించి పక్కన పెట్టి, ఒంటి భాగం నాలుగు మడతలు చేసి చట్రంలో బిగించాను.

నమ్మండి, పనిచేసింది. వెనక తలుపుకు కొత్త బీడింగు, పక్క కిటికీలు బిగించి, పైన గాలి మూత ముందుకు తెరిచి, నెమ్మదిగా నడిపితే (వేగం సగం చేస్తే దుమ్ము సగానికి పైగా తగ్గిపోతుందనిపిస్తుంది, ఏ పరికరమూ అక్కర్లేదు) బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి చూస్తే తెల్లగానే ఉంది. నేను ఆ తువ్వాలు ఎత్తి పట్టుకుని ఫోటో దిగాను. మేనల్లుడికి పంపాను. భాయ్‌కి చూపించాను. ఎదురింటాయనకు అడగకపోయినా చూపించాను.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఏప్రిల్‌లో, ఏసీ లేని బండిలో, సీట్ల కింద ఇంజను పెట్టుకుని, కిటికీలు బిగించుకుని, పైనుంచి వచ్చే వేడిగాలి కింద కూర్చోవాలి. మా అత్తమ్మ ట్రాక్టరు మానలేదు. మా బామ్మర్ది సగం దారిలో, "బావా, దుమ్ము కొట్టుకోని పోయినా పర్వాలేదు, అద్దం దించు," అని మొత్తుకున్నాడు. నేను దించనన్నాను. మా ఆవిడ మాట్లాడకుండా చెయ్యి చాపి తన వైపు అద్దం తీసేసింది. వెనక్కి తిరిగి చూస్తే నా తువ్వాలు రంగు మారుతోంది.

ఆమెకు ఆమె పద్ధతులున్నాయి. తినేవన్నీ బిగుతు మూతల స్టీలు డబ్బాల్లో, పైన తడిబట్ట చుట్టి. దుప్పట్లు మూటకట్టి ప్లాస్టిక్ సంచిలో, పరిచేది దిగాకే. వెనక తలుపు లోపలివైపు తడిపిన గోనెపట్టా వేలాడదీస్తే, సందులోంచి వచ్చిన దుమ్ము దాని మీదే ఆగిపోతుంది. ఎండకు పట్టా చల్లబరుస్తుంది కూడా. దిగినచోట చెంబు నీళ్లు చల్లి, నేల అణిగాక చాప వేస్తుంది. ఇంటి ముందు రోజూ తెల్లవారుజామున పేడనీళ్లతో కల్లాపి చల్లేది ఎందుకో నేను ఎన్నడూ అడగలేదు. ముగ్గుకు నేల నల్లగా కనిపించడానికని అనుకున్నాను. ముందు దుమ్ము అణగాలి కదా. మట్టిరోడ్ల మీద ట్యాంకర్లతో నీళ్లు చల్లేదీ, కొన్ని దేశాల్లో గాలిలోని చెమ్మను పట్టుకునే కాల్షియం క్లోరైడ్ ఉప్పు చల్లేదీ ఆ పని కోసమే. నా బీడింగుల ఖర్చు ఆమె చెంబు ముందు చెప్పుకునేది కాదు. చెప్పుకోలేదు కూడా. బిల్లు గ్లవ్ బాక్సులో, ఇన్సూరెన్సు కాగితాల కింద పెట్టాను.

ఇంతవరకూ బాగానే గడిచింది. ఆషాఢం ముందు వ్యాను కడుగుతూ జల్లెడ కూడా ఉతుకుదామని చట్రంలోంచి గుడ్డ తీసి బకెట్లో వేశాను. మొదటి నీళ్లు ఎర్రగా, రెండోవి నల్లగా, మూడోవి చాయరంగులో దిగాయి. నాలుగోసారికి గుడ్డ అసలు రంగు పైకొచ్చింది. లేత చిలకపచ్చ. దాని మీద అక్కడక్కడా చిన్న జరీ బుటాలు. బాగుంది కదా అని తీగ మీద ఆరేశాను. నా పనితనం నలుగురికీ కనపడాలని వాకిట్లోకే ఆరేశాను.

మా ఆవిడ కూరగాయల సంచితో వచ్చి తీగ దగ్గర ఆగింది. గుడ్డ అంచు పట్టుకుని చూసింది. బుటా మీద వేలు పెట్టింది.

"ఇది ఏం గుడ్డ?"

"ఫిల్టరు," అన్నాను.

"ఏం ఫిల్టరు?"

బంగ్లాదేశ్ సంగతి మొదలుపెట్టాను. కలరా, మత్‌లబ్, రీటా కాల్వెల్, నాలుగు మడతలు, కొత్తదాని కంటే పాతదే మేలు. ఆమె అంతా విన్నది. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట మధ్యలో ఆపకుండా విన్న సందర్భాలు తక్కువ కాబట్టి ఉత్సాహంగా ఇంకా చెప్పాను. అయిపోయాక, "పెద్దోడు కడుపున పడినపుడు మా నాయన వెంకటగిరి నుంచి తెచ్చిచ్చిన చీర," అంది.

ఆ తర్వాత కొన్ని రోజులు మా ఇంట్లో దుమ్ము ఎక్కువైంది. నా గదిలో మాత్రమే. కసువూడ్చే పొరక నా గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. కాళ్లెత్తే అవసరం రాలేదు. నాలుగో రోజున నేనే పొరక పట్టి ఊడ్చుకున్నాను. గుమ్మం వైపు నుంచి లోపలికి ఊడ్చానని ఎదురింటాయన కిటికీలోంచి చూసి, "అట్ల కాదు, ఇట్ల," అని చేత్తో చూపించాడు.

చివరికి రాజీ కుదిరింది. మామగారు పోయి చాలా కాలమైంది కాబట్టి ఆ చీరకు సాటి ఏదీ లేదు, కానీ ఉత్తచేతులతో క్షమాపణ అడిగితే ఎట్లా? నంద్యాల పోయాం, బస్సులో. చీరల కొట్టులో మెత్త మీద కూర్చున్నాం. కొట్టువాడు గద్వాలు, వెంకటగిరి, మంగళగిరి ఒకదాని మీద ఒకటి విసిరి పరిచాడు. ఆమె ఒక వెంకటగిరి తీసి ఒడిలో పెట్టుకుంది. సన్నటి నూలు, గాలికి లేచిపోయేంత పలచన. నేను కూడా చూద్దామని కొంగు అందుకుని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకున్నాను. పోగుల మధ్య కళ్లు ఎంత సన్నగా ఉన్నాయో చూస్తున్నాను. రెండు మడతలు వేసి మళ్లీ చూశాను. నోటితో ఊది, అవతలివైపు చెయ్యి పెట్టి గాలి ఎంత వస్తోందో కూడా చూశాను.

"సార్‌కు నేత బాగా తెలిసినట్టుంది," అన్నాడు కొట్టువాడు.

ఆమె చీర నా చేతిలోంచి లాక్కుని, "అయ్యా, మీ దగ్గర గోనెపట్టాలు దొరుకుతాయా?" అని అడిగింది.